శిమిలిగుడ ఎక్కే రైలూ, మీటరు ఎత్తు మెట్లూ

అరకు వెళ్ళే రైలు బొడ్డవర దాటగానే బోగీలో చప్పుడు మారుతుంది. అప్పటిదాకా పొలాల మధ్య తేలిగ్గా పరిగెత్తిన బండి బరువెక్కినట్టు మూలుగుతుంది. ఒక పక్క కిటికీకి కొండ ఆనుకుంటుంది, రెండో పక్క లోయ దిగిపోతుంది. శివలింగపురం, టైడా, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగుడ. ఘాట్‌లో మెట్టు మెట్టుగా ఎక్కించే స్టేషన్లివి. శిమిలిగుడ ఎత్తు సముద్రమట్టానికి 996.32 మీటర్లు. ఈ దారిని కంప్యూటర్‌లో, రైలు సిమ్యులేటర్ కోసం కట్టాలని కూర్చున్నాను. భూమ్మీది కొండల ఎత్తులు దాదాపు అన్నీ ఇప్పుడు ఉచితంగా దొరుకుతాయి. వాటిని తెచ్చి నేలగా పరిచి, పైన పట్టాలు అతికించాను. బండి కదిలింది గానీ, దుక్కి దున్నిన చేలో ఎడ్లబండిలా ఊగిపోయింది. నిజమైన కొలతలే, నిజమైన కొండే. మరి తేడా ఎక్కడుంది?

అది తెలియాలంటే ముందు ఆ ఎత్తులు ఎలా పుట్టాయో చూడాలి. 2000 ఫిబ్రవరిలో అమెరికా వ్యోమనౌక ఎండీవర్ 11 రోజులు భూమి చుట్టూ తిరిగింది. నౌకలో ఒక రాడార్ యాంటెన్నా, 60 మీటర్ల పొడవున బయటికి చాచిన బూమ్ చివర ఇంకొకటి. మన రెండు కళ్ళూ ఒకే వస్తువుని కాస్త వేరువేరు చోట్ల నుంచి చూడటం వల్లే కదా మనకి దూరం తెలిసేది. అలాగే ఆ రెండు యాంటెన్నాలకీ చేరిన అలల తేడాని బట్టి కింద నేల ఎత్తుని లెక్కగట్టారు. ఉత్తరాన 60 డిగ్రీల నుంచి దక్షిణాన 56 డిగ్రీల దాకా, భూభాగంలో సుమారు 80 శాతం కొలతకి వచ్చింది. ఎస్‌ఆర్‌టీఎం అని పిలిచే ఈ కొలతల్లో 30 మీటర్లకొక బిందువు ఉండే రకం అమెరికా బయటి ప్రాంతాలకి 2014 నుంచి అందుబాటులోకి వచ్చింది. ఇలాంటి ఎత్తుల పట్టికని డిజిటల్ ఎలివేషన్ మోడల్ అంటారు, పొట్టిగా డెమ్.

ఈ పట్టిక ఒక్కో డిగ్రీ చదరానికి ఒక్కో ఫైలుగా వస్తుంది. నైరుతి మూల అక్షాంశ రేఖాంశాలే ఫైలు పేరు. మన దారికి మూడు కావాలి: లైను మొదలయ్యే కొత్తవలస 17-83 చదరంలో ఉంది, శృంగవరపుకోట, బొర్రా 18-83లో, అరకు 18-82లో. ఒక్కో ఫైల్లో 3601 వరసలు, వరసకి 3601 అంకెలు. 3600 అని కాకుండా ఆ ఒకటి ఎందుకంటే, చివరి వరస పక్క చదరం మొదటి వరసే. అతికేటప్పుడు ఒకదాన్ని వదలకపోతే అక్కడి నుంచి నేలంతా 30 మీటర్లు పక్కకి జరుగుతుంది. చదరం అని పిలుస్తాం గానీ అది చదరమూ కాదు. 18 డిగ్రీల అక్షాంశం దగ్గర ఒక డిగ్రీ ఉత్తర దక్షిణాలుగా సుమారు 110.7 కిలోమీటర్లు, తూర్పు పడమరలుగా 105.9 మాత్రమే. ఈ తేడా సరిచూసుకోకుండా పరిస్తే డిగ్రీ దాటేసరికి దాదాపు ఐదు కిలోమీటర్లు సాగిపోతుంది.

ఇవి ఓపిగ్గా కూర్చుంటే తీరే చిక్కులు. అసలు చిక్కు ఆ అంకెల్లోనే ఉంది.

ఎస్‌ఆర్‌టీఎం ఫైల్లో ప్రతి ఎత్తూ పూర్ణాంకమే: 412, 413, 414 మీటర్లు. మధ్యలో భిన్నాలు లేవు. కొండని చూడటానికి ఇది చాలు. రైలుకి చాలదు. కొత్తవలస - కిరండూల్ లైను, రైల్వేవాళ్ళ మాటలో కేకే లైను, బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించి జపాన్‌కి పంపడం కోసం 1960లలో కట్టింది. ఘాట్‌లో దాని వాలు 60కి 1. వన్ ఇన్ సిక్స్‌టీ అంటారు. అరవై మీటర్లు ముందుకి సాగితే ఒక్క మీటరు పైకి. అంటే 800 మీటర్ల ఎత్తు ఎక్కాలంటే ఏకబిగిన 48 కిలోమీటర్లు ఎక్కుతూనే ఉండాలి. లైను కొండల చుట్టూ అన్ని మెలికలు తిరిగేది ఆ పొడవు సంపాదించుకోవడానికే. ఇప్పుడు ఈ వాలుని మన పట్టికలో పెట్టి చూడండి. బిందువుకీ బిందువుకీ 30 మీటర్లు. ఆ దూరంలో పట్టా ఎక్కేది అర మీటరు. పట్టికకి అర మీటరు అనేదే తెలియదు. కాబట్టి అది ఒక 30 మీటర్లు చదునుగా, తర్వాతి 30 మీటర్లు ఒక్క మీటరు పైకి, మళ్ళీ చదునుగా, మళ్ళీ పైకి చూపిస్తుంది. చదును, 30కి 1, చదును, 30కి 1. ఘాట్ వాలు అనుకుని వేసినది మేడ మెట్లయింది. 58 బాక్స్‌ఎన్ వ్యాగన్ల గూడ్సు బండి పొడవు 620 మీటర్లు. అది ఒకేసారి పది మెట్ల మీద పరుచుకుని ఉంటుంది. పైగా ఇదంతా పట్టికలో వేరే ఏ తప్పూ లేదనుకుంటేనే.

తప్పులు ఉన్నాయి. ఎస్‌ఆర్‌టీఎం లక్ష్యంగా పెట్టుకున్న ఖచ్చితత్వమే 16 మీటర్ల లోపు అని. దగ్గర దగ్గర బిందువుల మధ్య 10 మీటర్ల లోపు. చాలాచోట్ల అంతకన్నా మెరుగ్గానే వచ్చింది గానీ, నాలుగైదు మీటర్ల తేడా మామూలే. అటువంటి తేడా ఎంత పని చేస్తుందో చిన్న లెక్క. 600 మీటర్ల దూరంలో 5 మీటర్లు తప్పు వచ్చిందనుకోండి. అది 120కి 1 వాలుతో సమానం. అసలు వాలు 60కి 1 ఉన్నచోట ఇది కలిస్తే 40కి 1 అవుతుంది. 3,000 టన్నుల బండిని 60కి 1 వాలు మీద కిందికి లాగే బలం 50 టన్నుల బరువంత. 40కి 1 మీద 75 టన్నులంత. నిజంగా ఆ ఘాట్‌లో ఎక్కే బండి సిమ్యులేటర్‌లో ఆగిపోతుంది, దిగే బండి బ్రేకులకి లొంగదు. ఇంజన్‌ని ఎంత శ్రద్ధగా తీర్చినా, మోటార్ల గుణాలన్నీ అచ్చు దింపినా, కింద నేల ఐదు మీటర్లు అబద్ధమాడితే నడిపేవాడికి నిజమైన ఘాట్ అందదు.

ఆ తప్పుల్లో కొన్నిటికి కారణం కళ్ళ ముందే ఉంటుంది. ఎస్‌ఆర్‌టీఎం వాడిన ముఖ్యమైన రాడార్ అల పొడవు 5.6 సెంటీమీటర్లు. ఆకులూ కొమ్మలూ దాన్ని ఆపేస్తాయి. అడవి దట్టంగా ఉన్నచోట అది కొలిచింది నేలని కాదు, చెట్ల నెత్తిని. అనంతగిరి నుంచి అరకు దాకా కాఫీ తోటల మీద నీడకోసం పెంచిన సిల్వర్ ఓక్ చెట్లు నిటారుగా నిలబడి ఉంటాయి. తోట మొదలైనచోట పట్టికలో నేల హఠాత్తుగా పైకి లేస్తుంది, తోట అయిపోగానే పడిపోతుంది. అక్కడ గట్టు ఏమీ లేదు. రెండోది, రాడార్ పక్కవాటుగా చూస్తుంది. నిట్రంగా ఉన్న కొండ వెనక దానికి నీడ పడుతుంది. అక్కడ ఎత్తు తెలియదు కాబట్టి మైనస్ 32768 అనే అంకె వేసి ఖాళీ గుర్తు పెట్టారు. తర్వాతి విడుదలల్లో ఆ ఖాళీలని వేరే ఉపగ్రహాల కొలతలతో పూడ్చారు. పూడ్చినచోట అతుకు కనిపిస్తూనే ఉంటుంది.

మన దేశపు పట్టిక కూడా ఒకటుంది. 2005 మే 5న శ్రీహరికోటలోని రెండో ప్రయోగ వేదిక నుంచి ఎగిరిన మొదటి రాకెట్ పీఎస్‌ఎల్‌వీ-సీ6. అది మోసుకెళ్ళిన కార్టోశాట్-1 ఉపగ్రహానికి రెండు కెమెరాలు: ఒకటి ముందుకి 26 డిగ్రీలు వాలి, రెండోది వెనక్కి 5 డిగ్రీలు వాలి. ఒకే చోటుని రెండు కోణాల్లో తీసిన ఫొటోల జతల నుంచి కార్టోడెమ్ తయారైంది. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం భువన్ అనే వెబ్‌సైట్ ద్వారా దాన్ని అందిస్తోంది. ఇది రాడార్ కాదు, ఫొటో. కొండ వెనక నీడల బాధ వేరేగా ఉంటుంది, మబ్బుల బాధ కొత్తగా చేరుతుంది. రెండిటినీ పక్కపక్కన పెట్టుకుని, ఎక్కడ రెండూ ఒప్పుకుంటాయో అక్కడ నమ్మడం నేను నేర్చుకున్న పద్ధతి.

అలా పక్కపక్కన పెట్టిన మొదటిరోజే మొత్తం కొండలన్నీ పదుల మీటర్ల తేడాతో కనిపించి కంగారుపడ్డాను. తప్పు ఎవరిదీ కాదు. రెండు పట్టికలూ ఎత్తుని వేరువేరు సున్నాల నుంచి లెక్కపెడుతున్నాయి. ఎస్‌ఆర్‌టీఎం సున్నా సముద్రమట్టాన్ని అనుసరించే జియాయిడ్ అనే ఊహా ఉపరితలం. కార్టోడెమ్ సున్నా భూమికి గణితంలో ఇచ్చిన నున్నని ఆకారం, ఎలిప్సాయిడ్. భూమి లోపల బరువు అన్నిచోట్లా ఒకేలా లేదు కాబట్టి గురుత్వాకర్షణా ఒకేలా లేదు. భారతదేశానికి దక్షిణాన హిందూ మహాసముద్రంలో జియాయిడ్ ఎలిప్సాయిడ్‌కి 100 మీటర్లకు పైగా కిందికి కుంగి ఉంటుంది. ఆ కుంగుడు అంచు మన తీరం దాకా వస్తుంది. విశాఖ ఆర్కే బీచ్‌లో అలలు కాళ్ళని తాకుతుండగా ఎలిప్సాయిడ్ లెక్కన ఎత్తు చూస్తే సున్నాకి 60 మీటర్లకు పైగా కింద ఉన్నట్టు వస్తుంది. ఇక రైల్వే బోర్డుల మీది ఎత్తులకి మూలం సముద్రమే. సర్వే ఆఫ్ ఇండియా తొమ్మిది రేవుల్లో ఆటుపోట్లని ఏళ్ళ తరబడి గమనించి సగటు సముద్రమట్టాన్ని తీసింది. ఆ తొమ్మిదిలో విశాఖపట్నం ఒకటి. కొత్తవలసలో బండెక్కి శిమిలిగుడ బోర్డు చదివే మనిషి, ఆ రేవు గోడ దగ్గర పైకీ కిందికీ ఆడిన నీటి నుంచే తన ఎత్తు తెలుసుకుంటున్నాడు.

ఇక సవరింపు. చాలామంది, మొదట్లో నేనూ, చేసే పని నునుపు చేయడం. ప్రతి బిందువునీ దాని ఇరుగుపొరుగుల సగటుతో మారిస్తే మెట్లు కరిగిపోతాయి. కంటికి హాయిగా ఉంటుంది. కానీ సగటు తీస్తే శిఖరం తగ్గుతుంది, లోయ పూడుతుంది. కొండ అరిగిపోయిన సబ్బుబిళ్ళలా అవుతుంది. పైగా పట్టాలకి కావలసిన వాలు అప్పటికీ రాదు. ఎందుకంటే పట్టా వాలు ఆ పట్టికలో ఎన్నడూ లేదు. రైలు కట్ట పైభాగం వెడల్పు ఎనిమిది మీటర్ల లోపు. కొండ చరియలో తవ్విన కటింగ్ కూడా ఇంచుమించు అంతే. 30 మీటర్ల గడిలో అది మాయమైపోతుంది. గడి మొత్తానికీ ఒకే ఎత్తు, అందులో కొండదే పెద్ద వాటా. లేనిదాన్ని ఎంత వడకట్టినా బయటికి రాదు.

సిమ్యులేటర్ గడి ఇంకా చిన్నదే. మైక్రోసాఫ్ట్ 2001లో తెచ్చిన ట్రెయిన్ సిమ్యులేటర్, దాని దారుల్ని ఇవాళ్టికీ నడిపే ఉచిత సిమ్యులేటర్ ఓపెన్ రెయిల్స్, రెండిట్లోనూ నేల 2048 మీటర్ల పలకలుగా ఉంటుంది. పలకకి ఒక్కో వైపు 256 బిందువులు, అంటే 8 మీటర్లకొకటి. ట్రెయిన్జ్ అనే ఇంకో సిమ్యులేటర్ పాత వెర్షన్లలో 10 మీటర్లు లేదా 5 మీటర్లు. 30 మీటర్ల పట్టికని 8 మీటర్ల గడుల్లోకి దించేటప్పుడు మధ్య బిందువుల్ని సాఫ్ట్‌వేర్ లెక్కగట్టి నింపుతుంది. మజ్జిగలో నీళ్ళు పోస్తే గ్లాసులు పెరుగుతాయి, పెరుగు పెరగదు. గీతలు సన్నబడతాయి గానీ నేల గురించి కొత్తగా తెలిసేది ఏమీ లేదు.

అందుకని పని తలకిందులుగా చేయాలి. నేల మీద పట్టాలు వేయడం కాదు, ముందు పట్టాల్ని గాలిలో సరైన ఎత్తున నిలబెట్టి, నేలని వాటి దగ్గరికి రప్పించాలి. నిజంగా లైను కట్టిన ఇంజనీర్లూ కూలీలూ చేసింది ఇదే. వాళ్ళు కొండ చెప్పిన ఎత్తున పట్టాలు వేయలేదు. ఎత్తు ముందు కాగితం మీద తేల్చుకుని, ఎక్కువైనచోట కొండని కోశారు, తక్కువైనచోట మట్టి పోశారు, రెండూ కుదరనిచోట తొలిచారు. ఈ లైను మీద యాభైకి పైగా సొరంగాలు అందుకే ఉన్నాయి. సవరింపు అంటే ఉపగ్రహం చూడలేకపోయిన ఆ చాకిరీని మళ్ళీ చేయడమని నాకు అర్థమయ్యాక, దాన్ని డేటా శుభ్రం చేసే పనిగా చూడటం మానేశాను.

పట్టా ఎత్తు తేల్చడానికి ఆధారం రైల్వే తానే దారి పక్కన రాసిపెట్టింది. ప్రతి స్టేషన్ పసుపు బోర్డు మీదా ఎత్తు ఉంటుంది. అవి మేకులు. మేకుకీ మేకుకీ మధ్య దూరం కిలోమీటరు రాళ్ళు చెబుతాయి. వాలు మారేచోటల్లా పట్టాల పక్కన రెండు రెక్కల గుర్తు నాటి ఉంటుంది. రెక్క పైకి ఉంటే ఎక్కుడు, కిందికి ఉంటే దిగుడు, మీద అంకె వాలు. 2017 నుంచి అరకు బండికి తగిలించిన అద్దాల విస్టాడోమ్ బోగీలో కూర్చుంటే జనం లోయల్ని చూస్తారు. నేను ఆ గుర్తుల్ని చూస్తూ పుస్తకంలో రాసుకున్నాను. సొరంగాల చీకట్లో కొన్ని తప్పిపోయాయి; తిరుగు ప్రయాణంలో మళ్ళీ పట్టుకున్నాను.

ఆ గుర్తుల మధ్య ఖాళీలు నింపుకోవడానికి రైల్వే నియమాలు తోడొస్తాయి. స్టేషన్ యార్డులో వాలు 400కి 1 కన్నా ఎక్కువ ఉండకూడదు, వీలైతే 1200కి 1 ఉండాలి. లేకపోతే నిలబెట్టిన వ్యాగన్లు వాటంతటవే దొర్లుతాయి. అంటే కొండ నడుముకి వేలాడుతున్న బొర్రా గుహలు స్టేషన్ దగ్గర కూడా ఒక బండి పట్టేంత పొడవున దాదాపు చదును నేల ఉండి తీరాలి. పట్టికలో అది లేదు, నేను కోయాలి. వంపుల సంగతి ఇంకా సొగసైనది. వంపులో చక్రాల రాపిడి వల్ల బండికి అదనపు బరువు పడుతుంది కాబట్టి బ్రాడ్‌గేజ్‌లో ప్రతి డిగ్రీ వంపుకీ 0.04 శాతం వాలు తగ్గించాలని నియమం. 60కి 1 వాలులో 8 డిగ్రీల వంపు వస్తే అక్కడ వాలు సుమారు 74కి 1 కి దిగాలి. ఎక్కే బండి వంపు తిరిగేచోట నేల కాస్త కనికరిస్తుందన్నమాట. అంతరిక్షం నుంచి చూసే ఏ రాడారూ ఈ కనికరాన్ని పట్టుకోలేదు.

ఎత్తు తేలాక దారి గీత పక్కకి జరగకుండా చూసుకోవాలి. మైదానంలో పది మీటర్లు అటూ ఇటూ అయినా ఫరవాలేదు. 30 డిగ్రీల వాలున్న కొండ చరియలో పట్టా పది మీటర్లు లోయ వైపుకి జరిగితే నేల ఆరు మీటర్లు కిందికి పోతుంది. పక్కకి పడిన తప్పు ఎత్తులో తప్పుగా బయటపడుతుంది. ఉపగ్రహ చిత్రం మీద పట్టాల గీతని ఒక్కో వంపుగా గీయడానికే నాకు అన్నిటికన్నా ఎక్కువ రోజులు పట్టింది.

ఆ తర్వాత మట్టి పని. పట్టా గీత కింద ఎనిమిది మీటర్లు చదును. అక్కడి నుంచి రెండు వైపులా నేలని అందుకునేదాకా వాలు. మట్టి కట్టకి మామూలు వాలు, ఒక మీటరు దిగడానికి రెండు మీటర్లు పక్కకి. పది మీటర్ల ఎత్తు కట్ట అయితే అడుగున 48 మీటర్ల వెడల్పు. 8 మీటర్ల గడుల్లో అది సరిగ్గా ఆరు గడులు, చక్కగా కుదురుతుంది. కటింగ్ కుదరదు. రాతిలో తవ్విన కటింగ్ గోడలు నిలువుగా ఉంటాయి. గడిలో ఒక బిందువు కింద, పక్క బిందువు పది మీటర్ల పైన పెట్టినా వచ్చేది 51 డిగ్రీల వాలే, గోడ కాదు. అక్కడ నేలని వెనక్కి జరిపి, ముందు రాతిగోడ బొమ్మని విడిగా నిలబెడతాం. సొరంగం నోటి దగ్గర ఒక గడి నేలని మొత్తంగా తీసేసి, ఆ కంత అంచులు కనబడకుండా రాతి కమాను అడ్డం పెడతాం.

బొర్రా దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఎత్తుల పట్టికకి ఒక పరిమితి ఉంది: ఒక చోటుకి ఒకే ఎత్తు. బొర్రాలో ఒకే చోట కింద గోస్తని నీళ్ళున్నాయి, దాని మీద సున్నపురాతి గుహ డొల్ల ఉంది, ఆ గుహ కప్పు మీది కొండలో రైలు పట్టాలున్నాయి. నాలుగు అంతస్తుల మేడకి ఒకే ఇంటి నంబరు ఇచ్చినట్టు. సిమ్యులేటర్‌లో నేల అనేది పైన కప్పిన దుప్పటి మాత్రమే. దుప్పటి కింద ఏమీ లేదు. రైల్లోంచి గుహ కనబడదు కాబట్టి బండి నడపడానికి లోటేమీ లేదు. అయినా గుహ నోటి దగ్గర దుప్పటిని కాస్త ఎత్తి, లోపల చీకటి పెట్టి వదిలాను.

చిత్రమేమిటంటే నన్ను ఎక్కువ ఏడిపించింది ఘాట్ కాదు, లక్కవరపుకోట పక్క వరిపొలాలు. కొండల్లో మూడు మీటర్ల తప్పు ఎవరి కంటికీ ఆనదు. చదును పొలాల్లో అదే తప్పు అలలా లేస్తుంది. పైన వరి రంగు వేస్తే పచ్చటి సముద్రంలా ఉంటుంది. ఇక్కడ నునుపు చేయడం మంచి మందే. కాబట్టి మొత్తం నేలకి ఒకే మోతాదు వేయకుండా, వాలు తక్కువైనచోట గట్టిగా, వాలు పెరిగేకొద్దీ తక్కువగా, శిఖరాల దగ్గర అసలు ముట్టకుండా వేశాను. చెరువులకి మాత్రం గట్టు లోపలంతా ఒకే అంకె ఇచ్చేశాను.

కొత్త పట్టికలు వచ్చాక కొంత శ్రమ తగ్గింది. జర్మనీ జంట రాడార్ ఉపగ్రహాల కొలతలతో తయారైన కోపర్నికస్ డెమ్‌లో అంకెలకి భిన్నాలున్నాయి. మీటరు మెట్లు లేవు. 2022లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు దాని నుంచి చెట్లూ భవనాలూ తీసేసి, వట్టి నేల ఎత్తు అంచనా కట్టిన ఫాబ్‌డెమ్‌ని ప్రకటించారు. దాన్ని పరిచి చూస్తే తోటల అంచుల్లో ఆ దొంగ గట్లు చాలావరకు అణిగిపోయాయి. పట్టా పక్కన మట్టి పని మాత్రం అలాగే ఉంది. 30 మీటర్ల గడి అక్కడా 30 మీటర్లే.

ఇప్పుడు బండి బొడ్డవర నుంచి కుదుపు లేకుండా ఎక్కుతోంది. వంపుల్లోనూ, తిన్నగా ఉన్నచోటా వేగం దాదాపు ఒకేలా ఉంటోంది. శిమిలిగుడలో పట్టా 996.32 దగ్గర నిలిచింది. మిగిలింది తోటలు. నేల ఎత్తు సరిగ్గా రావడానికి లెక్కలోంచి తీసేసిన సిల్వర్ ఓక్ చెట్లని, ఇప్పుడు సరైన నేల మీద, ఒక్కొక్కటిగా మళ్ళీ నాటుతున్నాను. కరకవలస దాకా వచ్చాను.